ఏవీఎం (మెదడులో రక్తనాళాల ముడి) ఉన్న మనిషి ఇంటికొచ్చాక: స్కాన్‌లో కనపడనివి ఎలా పట్టుకోవాలి

డిశ్చార్జ్ రోజు స్కాన్ బాగుందన్నారు. మా తమ్ముడు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, గండం గడిచిందనుకున్నాం. మూడు వారాలకి కొట్టుకి పంపి నాలుగు సరుకులు చెబితే రెండే తెచ్చాడు, మిగతా రెండూ నువ్వసలు చెప్పలేదని నామీదే అరిచాడు.

ఏవీఎం అంటే మెదడులో ధమనులకీ సిరలకీ మధ్య ఉండాల్సిన సన్నటి కేశనాళికలు లేక, రెండూ నేరుగా ఉండలా చుట్టుకుపోవడం. రక్తం జోరుకి ఎప్పుడైనా చిట్లొచ్చు. చిట్లకపోయినా ఫిట్స్ రావచ్చు. ఏం దెబ్బతింటుందనేది అది ఎక్కడుందన్నదాన్ని బట్టి: చాలామందికి ఎడమ కణత వైపైతే మాటలు, జ్ఞాపకం, నుదుటి వెనకైతే కోపం, పని మొదలుపెట్టలేకపోవడం. బద్ధకం అనుకుని తిట్టేది దీన్నే, మేమూ తిట్టాం.

ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. "మతిమరుపు" అని రాస్తే డాక్టరుకి ఏమీ తెలీదు. "మంగళవారం పాలు స్టవ్ మీద పెట్టి మర్చిపోయాడు, పొద్దున బాగానే ఉన్నాడు, సాయంత్రం నలుగురు చుట్టాలొచ్చాక మాట తడబడింది" అని తేదీ, టైముతో రాయండి. పక్కనే మాత్రలు ఎప్పుడు మారాయో కూడా రాయాలి, ఎందుకంటే ఫిట్స్ మందు లెవెటిరాసెటామ్‌తో కొందరికి విపరీతమైన చిరాకొస్తుంది, టోపిరామేట్‌తో నోటి దాకా వచ్చిన మాట దొరకదు. అలాగని మీరే ఆపేయకండి, ఫిట్స్ తిరగబెడతాయి. డోసు మార్చడమా, మందు మార్చడమా అని అడగండి.

జ్ఞాపకం, ధ్యాస, మాట ఎలా పనిచేస్తున్నాయో చూసే న్యూరోసైకాలజీ పరీక్ష కావాలని మీరే అడగండి, చాలాచోట్ల వాళ్లంతట వాళ్లు చెప్పరు. కుదిరితే వైద్యానికి ముందొకసారి, తర్వాత కొన్ని నెలలకొకసారి. ఇలాంటివే పైపైన చూసే, పది నిమిషాల్లో అయ్యే మోకా (MoCA) పరీక్ష తెలుగులోనూ ఉంది, 30 మార్కులకి. అందులో మంచి మార్కులొచ్చినా ఆఫీసు పనిలో తడబడొచ్చు. అప్పుడే నోట్‌బుక్ అక్కరకొస్తుంది. గామా నైఫ్ (కోత లేకుండా రేడియేషన్‌తో చేసే వైద్యం) చేయించుకుంటే ఆ ముడి మూసుకోవడానికి సాధారణంగా రెండు మూడేళ్లు పడుతుంది, అప్పటిదాకా రక్తస్రావం ముప్పు ఉన్నట్టే, కొత్తగా ఏ మార్పొచ్చినా చెప్పాలి. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒక పక్క పట్టు తప్పడం కనిపిస్తే నోట్‌బుక్ పక్కన పడేసి 108కి చేయండి.

ఇంట్లో ఒకసారికి ఒకటే పని చెప్పండి, టీవీ ఆపి. బ్యాంకు పనులు, లెక్కలు పొద్దున్నే పెట్టండి, మధ్యాహ్నం పడుకోనివ్వండి. ఉద్యోగానికి మొదట సగం రోజు అడగండి. రోజంతా ఏమీ పట్టనట్టు కూర్చుంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి మందుంది.

ఫిట్స్ వచ్చే మనిషి బండి నడపడం సంగతిలో మొహమాటపడకండి. లైసెన్సుకిచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా అని సూటిగా అడుగుతారు. మావాడు రోజూ తాళం అడుగుతాడు, ఎక్కడ దాచామో ఇంకా చెప్పలేదు.