కిడ్నీ మార్పిడి తర్వాత మళ్లీ ఆసుపత్రిలో చేరవలసి వస్తే

కిడ్నీ మార్పిడి జరిగి ఇంటికి వచ్చిన నెలలోపే తిరిగి ఆసుపత్రిలో చేరవలసి రావడం అరుదేమీ కాదు; అమెరికాలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఇలా జరుగుతుంది. అంతమాత్రాన కొత్త కిడ్నీ పోయినట్టు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోవడం, మందుల వల్ల షుగర్ పెరగడం, శరీరం కిడ్నీని తిరస్కరించడం, కుట్ల దగ్గర చీము పట్టడం వంటివే ఎక్కువగా కారణాలు. కోనసీమ నుంచి గానీ నరసాపురం నుంచి గానీ విజయవాడకో విశాఖకో చేరాలంటే గంటల ప్రయాణం కాబట్టి, లక్షణం కనిపించిన మొదటి రోజే కదలడం అవసరం.

రోజూ ఉదయం మూత్రానికి వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందే బరువు చూసి, దానితోపాటు బీపీ, జ్వరం, రోజు మొత్తం మీద వచ్చిన మూత్రం కొలతను ఒక నోటుపుస్తకంలో రాయాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా, ఒక్కరోజులో కిలోకు మించి బరువు పెరిగినా, మూత్రం తగ్గినా, కిడ్నీ అమర్చిన చోట నొప్పి వచ్చినా తెల్లవారే దాకా ఆగకుండా మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయాలి. స్టెరాయిడ్లు జ్వరాన్ని కప్పిపుచ్చగలవు కనుక ఒళ్లు వెచ్చగా లేకపోయినా నీరసం, చలి ఉంటే తేలిగ్గా తీసుకోకూడదు.

ఊళ్లో ఒళ్లు నలతగా ఉంటే ముందుగా ఆర్‌ఎంపీని పిలవడం మనకు అలవాటు. ఇక్కడ మాత్రం ఆ అలవాటును పక్కన పెట్టాలి. నొప్పికి వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కిడ్నీకి హాని చేయవచ్చు. ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్, యాంటీబయాటిక్ అయిన క్లారిత్రోమైసిన్ వంటివి, శరీరం కిడ్నీని తిరస్కరించకుండా వేసుకునే టాక్రోలిమస్ అనే మందును రక్తంలో పెంచేస్తాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ దాన్ని బాగా తగ్గించి తిరస్కరణకు దారి తీయవచ్చు. మందుల షాపులో ఏ బిళ్ల ఇచ్చినా దాని పేరు ఆసుపత్రి వారికి చెప్పి, వారు సరేనన్నాకే వేసుకోవాలి.

టాక్రోలిమస్‌ను డాక్టరు చెప్పినట్టు, సాధారణంగా 12 గంటలకొకసారి, రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. రక్తపరీక్ష ఉన్న ఉదయం మాత్రం బిళ్లను సంచిలో పెట్టుకుని వెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ముందే వేసుకుంటే ఆ ఫలితం లెక్కకు రాదు. వాంతిలో బిళ్ల పోతే రెండోది మీ అంతట మీరు వేసుకోకుండా అడగండి. విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇదే మందు రక్తంలో పెరిగిపోతుంది కాబట్టి అప్పుడు రక్తపరీక్ష మరింత అవసరం.

చూడడానికి వచ్చిన ప్రతివారూ కొబ్బరి బొండాలు తెస్తారు. ప్రేమతో తెచ్చినవే అయినా, టాక్రోలిమస్, ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ రెండూ రక్తంలో పొటాషియాన్ని పెంచగలవు గనుక, రిపోర్టు చూసి డాక్టరు ఒప్పుకునే వరకు కొబ్బరినీళ్లు వద్దు. పంపరపనస కూడా టాక్రోలిమస్‌ను పెంచగలదు, దాన్ని పూర్తిగా మానాలి. కాలువ నీరైనా చెరువు నీరైనా కాచి చల్లార్చి తాగాలి. చేపలు, రొయ్యలు బాగా ఉడికినవే తినాలి. వరద నీటిలోకి, పొలం బురదలోకి, పశువుల కొట్టంలోకి దిగకూడదు.

చేరమని చెబితే నోటుపుస్తకం, డిశ్చార్జి కాగితాలు, వాడుతున్న మందుల అట్టలన్నీ తీసుకుని బయలుదేరండి. ఆపరేషన్ సమయంలో మూత్రనాళంలో పెట్టిన స్టెంట్ (సన్నని గొట్టం) ఇంకా లోపలే ఉంటే ఆ సంగతి మొదటే చెప్పండి. బయలుదేరిన వేళ మార్పిడి ఆసుపత్రికి తెలియజేసి, దారిలో పరిస్థితి విషమిస్తే దగ్గరలో ఎక్కడ ఆగాలో వారినే అడిగి ఉంచుకోండి.