మొదటి కంప్యూటర్ సిస్టమ్ మీరే బిగించుకుంటున్నారా? గ్రాఫిక్స్ కార్డ్ సంగతి తర్వాత, ముందు కరెంటు సప్లై చేసే ఎస్ఎంపీఎస్ చూడండి

పోయిన వారం పూతలపట్టు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, గ్రాఫిక్స్ కార్డ్ ఫిక్స్ అయిపోయా, మిగతావి ఏం తీసుకోవాల్నో నువ్వు చెప్పు" అన్నాడు. పిల్ల ఖాయం కాకుండానే బ్యాండు మేళానికి అడ్వాన్స్ ఇచ్చినట్టుంది వాడి పని. తిరుపతిలో రూముల్లో ఉండి చదువుకునే పిల్లలూ నన్ను ఇదే వరసలో అడుగుతుంటారు కాబట్టి వాడికి గంటసేపు చెప్పినదంతా ఇక్కడ రాసేస్తున్నా.

ముందు రెండు సంగతులు కాగితం మీద రాసుకోండి: సిస్టమ్ ఏ పనికి, మొత్తం ఎంత డబ్బు. "అన్నిటికీ పనికి రావాలి" అంటే కుదరదు. కోడింగ్, ఆఫీసు పని, సినిమాలు, అప్పుడప్పుడూ చిన్న గేములు అయితే అసలు విడి గ్రాఫిక్స్ కార్డే వద్దు, ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ చాలు. పెద్ద గేములు, వీడియో ఎడిటింగ్ అయితేనే కార్డ్ గురించి ఆలోచించండి. మొత్తం డబ్బు అన్నప్పుడు మానిటర్, కీబోర్డ్, యూపీఎస్ కూడా అందులోనే. ఇవి మర్చిపోయి లెక్క వేసి, చివర్లో అమ్మ దగ్గర అప్పు చేసినవాళ్ళు నాకు బాగా తెలుసు.

ప్రాసెసర్ దగ్గర నేను తిన్న దెబ్బ చెబుతా. నా మొదటి సిస్టమ్‌కి ఒకటే మోడల్ రెండు రేట్లలో కనిపిస్తే, తక్కువ రేటుది కొనేశా. రాత్రి పదకొండింటికి అంతా బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మీద మాత్రం 'నో సిగ్నల్'. రెండు రోజులు ర్యామ్ తీసి పెట్టి, పెట్టి తీసి టెన్షన్‌తో చచ్చాను. చివరికి పక్క రూమ్ అబ్బాయి ప్రాసెసర్ డబ్బా చూసి నవ్వాడు, పేరు చివర 'ఎఫ్' ఉంది. ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం, విడిగా కార్డ్ పెడితేనే తెర మీద బొమ్మ వస్తుంది. ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 5 వరసలో 5600కి గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. 7600కి చిన్నది ఉంది, 7500ఎఫ్‌కి లేదు. ఒక్క అక్షరమే, దానికోసం నేను రెండు రోజులు కాలేజీ ఎగ్గొట్టాను.

ఇంకో మోసం 'ఐ7', ఇంటెల్‌లో పెద్ద ప్రాసెసర్ల వరస పేరు. "ఐ7 సిస్టమ్, చాలా తక్కువ రేటు" అని ఎవరైనా అంటే ఎన్నో జెనరేషన్ అని అడగండి. ఐ7-2600 అనేది 2011లో వచ్చింది. 2022లో వచ్చిన చిన్న వరస ఐ3-12100 దాన్ని తేలిగ్గా దాటేస్తుంది. పైగా విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ జెనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది. పాత ఐ7 ఎంత చవకైనా నేనైతే ముట్టుకోను.

అన్ని భాగాలూ కూర్చునే మదర్‌బోర్డ్‌కి ముఖ్యంగా సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) కుదరాలి, ర్యామ్ రకం కుదరాలి. ఏఎమ్‌డీ సాకెట్ ఏఎమ్4 అయితే ర్యామ్ డీడీఆర్4. ఏఎమ్5 అయితే డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్ 12, 13, 14 జెనరేషన్లు కూర్చునే ఎల్‌జీఏ 1700 బోర్డులు రెండు రకాలుగానూ దొరుకుతాయి, కాబట్టి డబ్బా మీద చదవందే డబ్బు కట్టకండి. డీడీఆర్4 స్టిక్ డీడీఆర్5 స్లాట్‌లో దూరదు, గాడి వేరే చోట ఉంటుంది, బలంగా నొక్కితే విరిగేది మీ డబ్బే. బోర్డు ప్రాసెసర్ కంటే ముందు తయారైనదైతే బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయి ఉందా అని షాపులోనే అడగండి. చవక బోర్డుల్లో చాలావాటికి వైఫై ఉండదు, రూమ్‌లో ఉన్నది వైఫై ఒక్కటే అయితే ఆ సంగతి కూడా ముందే చూసుకోవాలి.

ర్యామ్ 16 జీబీ, అదీ ఎనిమిదివి రెండు. కార్డ్ లేని సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు స్టిక్కులు ఉంటే డేటా పోయే దారి రెండింతలవుతుంది, గేముల్లో ఆ తేడా కంటికి కనిపిస్తుంది. నాలుగు స్లాట్లుంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. ఫైళ్ళు దాచుకునే ఎస్ఎస్‌డీ మాత్రం ఎన్‌వీఎమ్ఈ అనే వేగమైన రకం తీసుకోండి. ఎమ్.2 అనే సన్నటి పట్టీ ఆకారంలో ఉన్నదల్లా ఎన్‌వీఎమ్ఈ కాదు, సాటా రకం సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, మామూలు జెన్3 ఎన్‌వీఎమ్ఈలే 3,500 దాకా పోతాయి.

ఇక అసలు సంగతి. తక్కువ రేటు క్యాబినెట్‌తో (అన్నీ బిగించే బయటి డబ్బా) పాటు '450 వాట్లు' అని స్టిక్కర్ అతికించిన ఎస్ఎంపీఎస్ ఒకటి వస్తుంది, చేత్తో ఎత్తి చూస్తే ఖాళీ టిఫిన్ డబ్బాలా ఉంటుంది. పెద్ద అంకె చూడకండి, పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. ప్రాసెసర్, కార్డ్ రెండూ తాగేది ఆ లైన్ నుంచే. అక్కడ 16 ఆంప్స్ అని ఉంటే 12తో గుణించండి, 192 వాట్లు. 450 ఏమైందో వాళ్ళనే అడగాలి! మంచి 550 వాట్ల సప్లై మీద అదే గడిలో 45 ఆంప్స్ దగ్గర ఉంటుంది, అంటే 540. ఆర్‌టీఎక్స్ 3060 లాంటి కార్డ్ ఒక్కటే 170 వాట్లు లాగుతుంది, దానికి కంపెనీ చెప్పే సప్లై 550. '80 ప్లస్ బ్రాంజ్' అనేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది, లోపలి సరుకుకి అదొక్కటే హామీ కాదు. ఐదేళ్ళ వారంటీ ఇచ్చేదైతే నాకు కాస్త నమ్మకం.

దీని మీద ఇంత పట్టు ఎందుకంటే మన కరెంటు అట్లాంటిది. పూతలపట్టులో మా పిన్ని వాళ్ళింటి పక్కన బోరు మోటారు ఆన్ అయితే ఇంట్లో బల్బు ఒకసారి మినుక్కుమంటుంది, మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగడంతో వోల్టేజ్ పడిపోతుంది. ఆ ఒడిదుడుకులు ముందుగా తగిలేది ఎస్ఎంపీఎస్‌కే. అది నాసిరకమైతే పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోగలదు. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందా? చాలాసార్లు ఎర్తింగ్ లేకపోవడమే. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి నెట్టుకురాకండి. 600 వీఏ యూపీఎస్ అంటే దాదాపు 360 వాట్లు, కార్డ్ లేని సిస్టమ్‌ని సేవ్ చేసి ఆపేసుకోవడానికి చాలు. కార్డ్ ఉంటే ఇంకాస్త పెద్దది.

క్యాబినెట్‌కి ముందు భాగం జాలీ ఉండాలి. ముందంతా అద్దం ఉన్నది ఫొటోలో బాగుంటుంది, కత్తిరి ఎండల్లో తిరుపతి మేడ మీది గదిలో మాత్రం పొయ్యి అవుతుంది. ముందు రెండు ఫ్యాన్లు గాలి లాగాలి, వెనక ఒకటి బయటికి తోయాలి, దుమ్ముకి ఫిల్టర్ ఉండాలి. కార్డ్ పొడవు, ప్రాసెసర్ కూలర్ ఎత్తు పడతాయా అని కొలతలు చూడండి. రంగుల లైట్లు మీ ఇష్టం, నేనైతే ఆ డబ్బు ఎస్ఎస్‌డీలో వేస్తా.

కొనడం ఎక్కడ అంటే, చాలామంది పొద్దున్నే రైలెక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి పోతారు. పోండి, కానీ ముందు ఇక్కడి షాపులో రేటు రాయించుకోండి. ఛార్జీలు, ఒక రోజు, భోజనం కలిపి చూసుకుంటే మిగిలేది కొన్నిసార్లు చాలా తక్కువ. బోర్డు, ఎస్ఎంపీఎస్ మాత్రం ఏదైనా అయితే మళ్ళీ పోయి నిలదీయగలిగే షాపులోనే తీసుకోమంటా. ఎక్కడైనా జీఎస్టీ బిల్లు, అందులో సీరియల్ నంబర్లు ఉండాలి.

అన్నట్టు, వారంటీకి పోవాల్సొస్తే పనికొస్తాయి, డబ్బాలన్నీ అటక మీద పెట్టి అమ్మకి ముందే చెప్పండి. మా అమ్మ నా మదర్‌బోర్డ్ డబ్బా పాత పేపర్లతో పాటు కాటాకి వేసేసింది, సాకెట్ మీది ప్లాస్టిక్ మూత అందులోనే ఉండింది.