ఎత్తు తగ్గించిన కారులో టైరు ఒరుసుకుంటోందా? ముందు చోటు పట్టుకోండి

కారుకు పొట్టి స్ప్రింగులు వేయించి 30, 40 మిల్లీమీటర్లు కిందికి దించాక ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు ఒకటే: చక్రం దగ్గర ఏదో గీరుకుంటున్న చప్పుడు. వర్క్‌షాపుకు వెళితే ఫెండరు (చక్రం పైనుండే రేకు) అంచు కొట్టేద్దామనో, లైనరు (దాని లోపలి ప్లాస్టిక్ తొడుగు) కోసేద్దామనో అంటారు. టైరు ఎక్కడ తగులుతోందో కళ్లతో చూడనంతవరకూ రెండింటికీ ఒప్పుకోకండి. కోసిన రేకు మళ్లీ అతకదు.

చోటు పట్టుకోవడానికి ఖర్చేమీ లేదు. చక్రం చుట్టూ ఉండే లైనరు లోపలివైపు, ఫెండరు అంచు మడత మీద సుద్దముక్క మందంగా రుద్దండి. చప్పుడు వచ్చే పరిస్థితిలోనే కాసేపు నడపండి. సుద్ద చెరిగిన చోటే తగులుతున్నట్టు. టైరు మీద కూడా చూడండి: రోడ్డును తాకే భాగం అంచున మెరుపు ఉందా, పక్క గోడ మీద గీత ఉందా, లోపలివైపు ఉందా. అక్కడితోనే సగం పని అయిపోతుంది.

అసలు అది టైరేనా?

వేగంతో పాటు పెరిగే ఎడతెగని హోరు, మలుపు తిప్పినప్పుడు తగ్గో పెరిగో మారుతుంటే వీల్ బేరింగును అనుమానించాలి. పూర్తిగా తిప్పి ముందుకు కదిపితే టక్ టక్‌మంటే సీవీ జాయింటు (చక్రాన్ని తిప్పే ఇరుసు చివరి కీలు). బ్రేకు వేయగానే కీచుమంటే ప్యాడ్లు. టైరు ఒరిపిడి వీటిలా ఉండదు. రబ్బరు ప్లాస్టిక్‌ను గీరితే బరబరమంటుంది, రేకును తాకితే జివ్వుమంటుంది, కొన్నిసార్లు కాలిన రబ్బరు వాసన కూడా వస్తుంది.

స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే వస్తుంటే

పార్కింగులో వినిపించే చప్పుడు ఇదే. ఎక్కువసార్లు ముందు చక్రం లైనరు వెనుక భాగాన్నో, బంపరు వైపు అంచునో తాకుతుంది. ముందుగా లైనరు క్లిప్పులు చూడండి. స్ప్రింగులు మార్చేటప్పుడు విప్పినవాళ్లు రెండు మూడు విరగ్గొట్టి, మిగిలినవాటితో సర్దేసి ఉంటారు. కొత్త క్లిప్పులు పెడితే చాలా కార్లలో కథ అక్కడే ముగుస్తుంది. అప్పటికీ తగిలితే హీట్ గన్‌తో లైనరును మెత్తబరచి వెనక్కి నొక్కాలి. కోయడం ఆఖరి మాట, ఎందుకంటే లైనరు లేనిచోట వానాకాలపు బురదంతా రేకుల సందుల్లోకీ వైరింగులోకీ చేరుతుంది.

గుర్తు టైరు లోపలి పక్క గోడ మీద ఉంటే తగులుతున్నది లోయర్ ఆర్మ్‌కో (చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే చేయి), స్టెబిలైజర్ రాడ్డుకో (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ). అంటే చక్రం మరీ లోపలికి కూర్చుంది. రిమ్ముకూ, దాన్ని బిగించే హబ్బుకూ మధ్య పెట్టే పలక, అంటే 3 నుంచి 5 మిల్లీమీటర్ల స్పేసరు, సరిపోవచ్చు. అది హబ్బు మీద వదులు లేకుండా కూర్చునేదై ఉండాలి. స్పేసరు మందాన్ని బట్టి పొడవైన బోల్టులు కావాలి, లేకపోతే మరలు చాలినంత పట్టవు.

ఒకవైపు మాత్రమే తగులుతుంటే కారు ఎత్తును తిట్టడం మానండి. రెండువైపులా ఒకే స్ప్రింగు, ఒకే టైరు ఉన్నప్పుడు ఒక పక్కే ఒరుసుకోవడానికి వేరే కారణం ఉంటుంది: లోయర్ ఆర్మ్ బుష్ (ఆర్మ్ కీలు దగ్గరి రబ్బరు తొడుగు) అరిగిపోవడం, స్ప్రింగు విరగడం, ఎప్పుడో గుంతలో పడి ఆర్మ్ వంగడం. బ్రేకు వేస్తూ మలుపు తిప్పినప్పుడే చప్పుడు వస్తే నా మొదటి అనుమానం బుష్ మీదే. అది అరిగితే బ్రేకు పడగానే చక్రం వెనక్కి జరుగుతుంది.

వెనుక సీటు నిండినప్పుడు, స్పీడ్ బ్రేకర్ల మీద

ఒక్కరే నడిపితే నిశ్శబ్దం, ఇంటిల్లిపాదీ ఎక్కితే జివ్వుమని గీత. ఇక్కడ టైరు బయటి భుజం ఫెండరు మడతను తాకుతోంది. కారణం ఎత్తు ఒక్కటే కాదు, చక్రం బయటికి ఎంత వచ్చిందన్నది కూడా. 6 జె (6 అంగుళాల) వెడల్పు, ఈటీ (రిమ్ము మధ్య గీతకూ, హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) 45 ఉన్న రిమ్ము తీసి 7 జె, ఈటీ 35 ఉన్నది వేస్తే బయటి అంచు దాదాపు 23 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. ఈటీ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుందని అలాయ్ వీల్స్ కొనేటప్పుడు ఎవరూ చెప్పరు, మెరుపు చూపించి అమ్మేస్తారు.

టైరు కొలతలోనూ చిక్కుంది. రెండో తరం స్విఫ్ట్ పై వేరియంట్లలో వచ్చిన 185/65 ఆర్15 టైరు వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 కూడా అంతే. అదే 205/55 ఆర్16 వేస్తే 632 అవుతుంది, వెడల్పు కూడా పెరుగుతుంది. ఎత్తు తగ్గించిన కారుకు ఈ చివరిది వేసి, ఆపై ఫెండరును తప్పుపట్టడం న్యాయం కాదు. టైరు మార్చడమే సరైన మందు.

టైరు కొలత సరిగానే ఉండి కొద్దిగా మాత్రమే తగులుతుంటే ఫెండరు మడతను లోపలికి రోల్ చేయించవచ్చు. రేకును ముందుగా వేడిచేసి నెమ్మదిగా వంచేవారికే ఇవ్వండి. చల్లటి రేకును వంచితే పెయింటు పగిలి అక్కడ తుప్పు మొదలవుతుంది. దానికన్నా ముందు బంప్ స్టాపులు (సస్పెన్షన్ మరీ కుంగకుండా ఆపే దిమ్మెలు) చూడండి. దించేటప్పుడు వాటిని అవసరానికి మించి కోసేస్తే చక్రం పైకి రావలసినదానికన్నా ఎక్కువ వస్తుంది. షాక్ అబ్జార్బరు రాడ్డుకు అడుగున ఒక కేబుల్ టై బిగించి నడిపితే, అది ఎంత పైకి జరిగిందో చూసి సస్పెన్షన్ ఎంత కుంగుతోందో చెప్పవచ్చు.

తిన్నని రోడ్డు మీద కూడా వస్తుంటే

చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక్కసారే స్స్‌మంటే రిమ్ము వంకరో, టైరు ఉబ్బో ఉంటుంది. ఉబ్బిన టైరును ఆ రోజే తీసేయాలి. వేగం పెరిగాకే మొదలైతే గాలికి లోపలికి వంగుతున్న వదులు లైనరు కావచ్చు.

చప్పుడుతో పాటు టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంటే ఆ అరుగుదల ఒరిపిడి వల్ల కాదు, అలైన్‌మెంట్ వల్ల. కారు దించితే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండటం) రెండూ మారతాయి. స్ప్రింగులు వేసిన రోజు ఒకసారి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి అవి సర్దుకున్నాక మరొకసారి అలైన్‌మెంట్ చేయించాలి.

కోసిన స్ప్రింగులైతే

కంపెనీ స్ప్రింగును చుట్టు తెగ్గోసి దించిన కారుకు నేను పైవేవీ సూచించను. చక్రం గాల్లోకి లేచినప్పుడు అలాంటి స్ప్రింగు తన సీటు నుంచి తప్పుకోవచ్చు. ముందు వాటిని మార్చండి, చప్పుడు సంగతి తర్వాత.

దారి మధ్యలో మొదలైతే

ఆగి టైరు పక్క గోడను చెయ్యి పెట్టకుండా చూడండి, టైరు బాగా వేడిగా ఉంటుంది. లోపలి దారాలు కనిపిస్తే స్టెప్నీ వేయాల్సిందే. పైపై గీతే అయితే వెనుక సీటులో ఒకరిద్దరిని వేరే బండి ఎక్కించి, డిక్కీలో బరువు తగ్గించి, స్పీడ్ బ్రేకర్ల దగ్గర దాదాపు ఆపినట్టే చేసి ఇంటికి చేరండి.