ఆస్పత్రికి వెళ్లే థెరపీ కుక్కను ముందుగా ఎలా పరీక్షించాలి

రోగులకు ఊరటనివ్వడానికి తీసుకెళ్లే ఈ కుక్కకు ఏడాది నిండాలి, రేబిస్ టీకా గడువులో ఉండాలి. గత 90 రోజుల్లో పచ్చి మాంసం తిన్న కుక్కను తీసుకెళ్లొద్దు. పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే అది మలంలో సాల్మొనెల్లా అనే, జబ్బు చేసే బ్యాక్టీరియాను వదలవచ్చు.

వెళ్లే ముందు 24 గంటల్లోపు స్నానం చేయించి, పూర్తిగా ఆరబెట్టి, దువ్వండి. గోళ్లు కత్తిరించి అంచులు నున్నగా అరగదీయండి. వృద్ధుల పలచని చర్మం చిన్న గీతకే చిట్లుతుంది. చెవుల్లో, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో గోమార్లు, పుండ్లు ఉన్నాయేమో వేళ్లతో తడిమి చూడండి. దట్టమైన బొచ్చులో కంటికి ఆనవు.

వాంతులు, విరేచనాలు ఉంటే మానేయండి. తగ్గాక కూడా కనీసం వారం ఆగాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే.

కుక్కను తాకే ముందూ, తాకిన తర్వాతా రోగి చేతులకు శానిటైజర్ తప్పనిసరి. నాకనివ్వొద్దు. మంచమెక్కిస్తే కింద శుభ్రమైన దుప్పటి పరచండి, రోగి మారినప్పుడల్లా దాన్నీ మార్చండి.