పాత ఫోటోల మీద వెండి మెరుపు ఇలా తగ్గించాను

విశాఖలో మా లైబ్రరీ పాత నలుపు తెలుపు ఫోటోలు స్కాన్ చేస్తుంటే, నీడలున్న చోటల్లా నీలిరంగు పొర వచ్చేది. స్కానర్ లోపం కాదు. తేమకు ఫోటోలోని వెండి పైకి చేరి అద్దంలా మెరుస్తుంది. దయచేసి తుడవకండి, బొమ్మే దెబ్బతింటుంది.

స్కానర్ పక్కనపెట్టి, కెమెరాను స్టాండుకు కిందికి చూసేలా బిగించాను. రెండు వైపులా 45 డిగ్రీల్లో లైట్లు, వాటి ముందు ఒకే దిశలో పోలరైజర్ ఫిల్ములు (ఒక దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే పొరలు), లెన్సుకు పోలరైజర్ ఫిల్టరు. ఆ ఫిల్టరును మెల్లగా తిప్పుతుంటే ఒకచోట మెరుపంతా పోయింది. డాల్ఫిన్స్ నోస్ కొండ అంచు స్పష్టంగా కనబడేసరికి ఎంత సంతోషమేసిందో!

మాస్టర్ ఫైళ్లు (అసలు కాపీలు) నాణ్యత తగ్గని ఫైలు రకమైన టిఫ్‌లో దాచాం, ఫోటో వెనుక రాతలతో సహా. ఓడరేవు 1933లో మొదలైంది కాబట్టి, జెట్టీకి ఆనుకుని పెద్ద ఓడ ఉన్న ఫోటోకు కేటలాగులో ‘1933 లేదా ఆ తర్వాత, అంచనా’ అని రాశాం.