బ్రహ్మోత్సవాలు రాకముందే మీ డొమైన్ సంగతి చూసుకోండి

తిరుపతిలో లాడ్జీలు, ట్రావెల్స్ నడుపుతూ సొంత డొమైన్ మీద మెయిల్ పెట్టుకున్నవాళ్లకి ఈ మాట.

పోయినేడు బ్రహ్మోత్సవాలకు వారం ముందు, తిలక్ రోడ్డులో ట్రావెల్స్ నడిపే మా బావ పొద్దున్నే ఫోన్ చేసి "రేయ్, నా మెయిల్ ఎవడో హ్యాక్ చేసినాడు" అని ఒకటే గోల. వెళ్లి చూస్తే ఇన్‌బాక్స్ నిండా డెలివరీ ఫెయిల్ మెయిళ్లు, మధ్యలో వరంగల్ నుంచి ఒకాయన తిట్లు, "దర్శనం టికెట్లు ఇప్పిస్తామని రోజూ ఈ చెత్త ఏందయ్యా" అని. హ్యాకూ లేదు, పాడూ లేదు. ఎవడో పంపినవారి అడ్రసుండే ఫ్రమ్ దగ్గర బావ డొమైన్ రాసుకున్నాడు, అంతే. పెళ్లిలో మగపెళ్లివారి తాలూకు అని చెప్పి పంక్తిలో కూర్చుంటే ఎవరూ అడగరు చూడండి, మెయిళ్లు పంపే 1982 నాటి ఎస్‌ఎంటీపీ పద్ధతీ అలాంటిదే.

అడిగేలా చేసేవి డీఎన్‌ఎస్‌లో (మీ డొమైన్ వివరాలు ఉండే చోట) పెట్టే మూడు రికార్డులు. ఏ సర్వర్లు మీ పేరుతో పంపొచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది (డొమైన్‌కి ఒక్కటే ఉండాలి, రెండు పెడితే అసలుకే మోసం). డీకిమ్ మెయిల్ మీద మీ డొమైన్ వేసే సంతకం లాంటిది. కానీ జనానికి కనిపించే ఫ్రమ్‌ని ఈ రెంటితో ముడివేసేది డీమార్క్, చాలామంది వదిలేసేది కూడా దాన్నే. అలాగని సీజన్ నడిమధ్యలో డీమార్క్‌లో ఒక్కసారే 'రిజెక్ట్' (పాసవని మెయిల్ తిప్పికొట్టమని) పెట్టకండి. బావ తొందరపడి పెట్టేశాడు, బుకింగ్ సాఫ్ట్‌వేర్ పంపే కన్ఫర్మేషన్లు కూడా ఆగిపోయాయి, రెండు రోజులు ఫోన్లు ఎత్తలేక చచ్చాం. ఇప్పుడే 'నన్' (ఏదీ ఆపొద్దని) పెట్టి, రిపోర్టులు రెండు మూడు వారాలు చూసి, మన పేరుతో పంపే ప్రతి సర్వీసూ పాసవుతోందని తేలాక 'క్వారంటైన్' (స్పామ్‌లో వేయమని), ఆ తర్వాతే 'రిజెక్ట్'. ఒక్క అక్షరం మార్చి కొత్త డొమైన్ కొన్నవాణ్ణి మాత్రం ఇదేదీ ఆపదు.

ఎవరైనా తిడుతూ రాస్తే ఎదురు తిట్టకండి, పాపం ఆయనా బాధితుడే. జీమెయిల్‌లో 'షో ఒరిజినల్' నొక్కి మొత్తం హెడర్ (మెయిల్ ఏ దారిన వచ్చిందో చెప్పే భాగం) పంపమనండి. అందులో 'రిసీవ్డ్' లైన్లలో పైవి ఆయన సర్వర్ రాసుకున్నవి కాబట్టి వాటిని నమ్మొచ్చు, కిందివి దొంగవాడు కల్పించి ఉండొచ్చు. ఆ పైవాటిలో బయటి సర్వర్ నుంచి తీసుకున్నట్టున్న లైన్‌లోని ఐపీ (సర్వర్ నంబరు) ఎవరిదో చూసి ఫిర్యాదు వాళ్లకే వెళ్లాలి. డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

ఒకవేళ ఆ మెయిళ్లు మీ సెంట్ ఫోల్డర్‌లోనే కనిపించినా, మీ డీకిమ్‌తో పాసయినా ఇది దొంగ ఫ్రమ్ కథ కాదు, ఎవడో నిజంగానే లోపలికొచ్చాడు, ముందు పాస్‌వర్డ్ మార్చండి.