మైక్రోమౌస్‌కి లేని గోడలు కనిపిస్తున్నాయా?

ల్యాబ్‌లో బాగా తిరిగిన మైక్రోమౌస్ (గోడల మధ్య దారి తనే వెతుక్కునే చిన్న రోబో) కిటికీ పక్కన తడబడుతుంటే ముందు అల్గారిథమ్‌ని అనుమానించకండి. మౌస్ ఎల్‌ఈడీతో ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని కాంతి) పంపి, గోడకి తగిలి వెనక్కొచ్చిన దాన్ని ఫోటోట్రాన్సిస్టర్‌తో (కాంతిని పసిగట్టే భాగం) కొలుస్తుంది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, అదీ ఫోటోట్రాన్సిస్టర్ మీద పడుతుంది. ప్రతి కొలతకీ ఎల్‌ఈడీ ఆర్పి ఒకసారి ఏడీసీ (సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే భాగం) చదవండి. వెలిగించి 50–100 మైక్రోసెకన్లు ఆగి మళ్లీ చదవండి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేయండి. ఆగకపోతే ఫోటోట్రాన్సిస్టర్ పూర్తిగా స్పందించదు, విలువ తక్కువొస్తుంది. అన్ని ఎల్‌ఈడీలూ ఒకేసారి వెలిగించొద్దు, పక్కదాని కాంతి దీన్లో కలుస్తుంది.

ఎల్‌ఈడీ ఆర్పినప్పుడే రీడింగ్ గరిష్ఠానికి చేరిందా? ఇక తీసివేతతో లాభం లేదు, ఫోటోట్రాన్సిస్టర్ కరెంటును వోల్టేజీగా మార్చే లోడ్ రెసిస్టర్ విలువ తగ్గించాలి.

ఆ తర్వాతే మౌస్‌ని 18 సెంటీమీటర్ల గడి మధ్యలో పెట్టి, గోడ ఉన్నప్పుడూ లేనప్పుడూ కొలిచి, గోడ ఉందో లేదో తేల్చే హద్దును ఆ రెండింటి మధ్య పెట్టండి. గోడల పెయింట్ మారితే మళ్లీ కొలవాల్సిందే.